మంట, వాన, ఊట: తూర్పు కనుమల రక్షిత అడవుల్లో వాతావరణ మార్పు నడిచే దారి

2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజు వానకు అది రికార్డు. ఆ ప్రాంతంలో ఏడాది పొడుగునా పడే వానలో సగం ఒక పగలూ ఒక రాత్రిలో దిగిపోయింది. మరుసటి ఏడాది ఆగస్టు 31న అదే జిల్లాలో, ఏటూరునాగారం అభయారణ్యంలోని తాడ్వాయి–మేడారం అడవిలో పెనుగాలి వీచి వేల చెట్లు కూకటివేళ్లతో పెకిలి పడ్డాయి. దాదాపు 50 వేల చెట్లు పోయి ఉంటాయని అటవీ శాఖ తొలి అంచనా. అక్కడ మట్టి పొర లోతు తక్కువ, వేర్లు కిందికి దిగకుండా పక్కలకు పరుచుకుంటాయి. వానకు నాని మెత్తబడిన ఆ నేలకు చెట్టును పట్టి ఉంచే బిగువు లేకపోయింది.

ఈ రెండింటిలో దేన్నయినా విడిగా పట్టుకుని ‘ఇది వాతావరణ మార్పే’ అని తేల్చడం తొందరపాటు. ధోరణి సంగతి వేరు. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు మించి కురిసే కుంభవృష్టులు 1950–2015 మధ్య 75 శాతం పెరిగాయి. అదే కాలంలో నైరుతి రుతుపవనాల మొత్తం వాన మాత్రం దేశమంతటి సగటున 6 శాతం దాకా తగ్గింది. మొత్తం కాస్త తగ్గి, పడేది కొద్ది రోజుల్లోనే కుమ్మరించినట్టు పడుతోంది. అడవికి అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

పెకిలిన చెట్లు పత్రికల మొదటి పేజీకి ఎక్కుతాయి. నల్లమల లాంటి పొడి ఆకురాల్చు అడవుల్లో జరిగే నష్టం అలా కనబడదు. అది వేసవి మంటతో మొదలై, తొలకరి వానతో ముదిరి, మరుసటి వేసవికి ఎండిన ఊటగా తేలుతుంది. ఈ మూడింటినీ మూడు సమస్యలుగా, మూడు పద్దుల కింద చూడటం వల్లనే మన రక్షిత అడవుల నిర్వహణ ఎప్పుడూ ఒక అడుగు వెనకబడి ఉంటోంది.

అగ్గిపుల్ల పాతదే, ఆకు మారింది

ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు, తెలంగాణ వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వు. 2014 విభజనతో రెండయినా నల్లమల అడవి ఒకటే. చిరుమాను, నల్లమద్ది, ఏగి, తునికి, ఇప్ప, అందుగు, తపసి, సాధన వెదురు, మధ్యలో బోదగడ్డి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకు రాలుతుంది. నేల మీద ఆ ఎండుటాకు పరుపే మంటకు మేత.

ఇక్కడ మెరుపుల వల్ల అడవి అంటుకోవడం అరుదు. నిప్పు పెట్టేది మనుషులే, దానికి తెలిసిన కారణాలే ఉన్నాయి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద చెత్త కాలుస్తారు. తునికి పొదను కాలిస్తే లేత ఆకు బాగా వస్తుందని కాలుస్తారు. పశువులకు పచ్చిగడ్డి మొలవాలని గడ్డి తగలబెడతారు. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, యాత్రికుల వంట పొయ్యి సరేసరి. వాతావరణ మార్పు అగ్గిపుల్ల గీయదు. ఒకప్పుడు అరెకరం కాల్చి దానంతటదే ఆరిపోయే నిప్పును కొండంతా పాకేలా చేస్తుంది.

ఎలాగో అంకెల్లో చూడవచ్చు. 35 డిగ్రీల వద్ద గాలి పట్టగల గరిష్ఠ ఆవిరి పీడనం 56 మిల్లీబార్లు, 37 డిగ్రీల వద్ద 63. గాలిలో నిజంగా ఉన్న ఆవిరి 15 మిల్లీబార్లే అనుకుంటే లోటు మొదటి సందర్భంలో 41, రెండో సందర్భంలో 48. ఎండుటాకు నుంచీ, గడ్డి నుంచీ, మట్టి నుంచీ తేమను లాగేది ఈ లోటే. రెండు డిగ్రీలు పెరిగితే లాగే బలం ఆరో వంతు పెరిగింది. థర్మామీటర్‌లో చిన్నగా కనబడే తేడా ఆకు పరుపులో పెద్దగా కనబడుతుంది.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. మామూలుగా రాత్రి పొద్దుపోయాక గాలి చల్లబడి ఆకు కాస్త తేమ పీల్చుకుంటుంది, మంట మందగిస్తుంది. వాచర్లు చెట్టుకొమ్మలతో కొట్టి ఆర్పగలిగేది ఆ వేళలోనే. రాత్రులు వేడెక్కినకొద్దీ ఆ వెసులుబాటు కుదించుకుపోతుంది. వాలు తోడైతే చెప్పనక్కర్లేదు. పైకి పాకే మంట వేగం వాలు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు రెట్టింపవుతుందని అగ్నిమాపక లెక్క. నల్లమల, శేషాచలం కొండవాలుల్లో మంటకు ఎదురుగా పై నుంచి దిగడం ప్రాణాల మీదికి తెస్తుంది. 2014 మార్చిలో తిరుమల కొండలు అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లతో నీళ్లు తెచ్చి పోయాల్సి వచ్చింది.

నివారణకు అటవీ శాఖ ప్రధానంగా నమ్ముకున్నది ఫైర్ లైన్లను. బాటల వెంబడి, బీట్ల (ఒక్కో అటవీ ఉద్యోగి కాపలా కాసే పరిధుల) సరిహద్దుల్లో కొన్ని మీటర్ల వెడల్పున చెత్త తీసి, జనవరిలో అదుపులో కాల్చి శుభ్రం చేస్తారు. ఫిబ్రవరి 15 నుంచి మంటల కాలంగా లెక్క. ఇందులో లోపం ఎవరైనా చూడగలిగేదే: జనవరిలో ఊడ్చిన గీత మీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో మళ్లీ ఆకు రాలుతుంది. మార్చి నెలాఖరుకు చాలాచోట్ల ఆ గీత కాగితం మీదే ఉంటుంది. రెండోసారి, మూడోసారి ఊడ్చేందుకు కూలీ మంజూరైతేనే గీతకు విలువ. లీఫ్ బ్లోవర్లు వచ్చాక ఈ పని తేలికైంది. కానీ వాటికి పెట్రోలు, మరమ్మతు ఖర్చులు లైను తీసే పద్దులో ఉండవు.

ఉపగ్రహ హెచ్చరికల మీద కూడా అతిగా ఆశ పెట్టుకోకూడదు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే మెసేజీలు బీట్ ఆఫీసర్ ఫోనుకే వస్తాయి, మంచిదే. ఇందులో ఎక్కువగా పనికొచ్చేది ఉపగ్రహంలో ఉండి వేడిని పసిగట్టే వీర్స్ పరికరం; దాని చిత్రంలో చుక్క ఒక్కొక్కటి 375 మీటర్ల చతురస్రం, అంటే సుమారు 14 హెక్టార్లు. ఒక ఉపగ్రహం ఒక చోటు మీదుగా పగలు ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి అదే వేళకు ఒకసారి పోతుంది. మధ్యాహ్నం మూడింటికి పెట్టిన నిప్పును ఆ కన్ను అర్ధరాత్రి దాటాక గానీ చూడదు. ముందుగా పొగ చూసేది అడవిలోని చెంచు గూడెం (పెంట)లో ఉన్న మనిషే. అందుకే మంటల కాలానికి చెంచు యువకులను వాచర్లుగా పెట్టుకోవడం ఉపకారం కాదు, ఉన్న మార్గాల్లోకెల్లా పనికొచ్చే మార్గం.

కాలిన నేల మీద పడే వాన

ఏప్రిల్‌లో కాలిన వాలు జూన్ దాకా బోసిగా ఉంటుంది. ఆకు పరుపు వాన చుక్క దెబ్బను కాచేది, నీటిని పట్టి మెల్లగా కిందికి వదిలేది. అది పోయాక చుక్క నేరుగా మట్టిని కొడుతుంది. సన్న బూడిద మట్టి రంధ్రాల్లో చేరి పై పొర గట్టిపడుతుంది. దానికి ఇప్పటి వాన తీరు కలిపి చూడాలి.

40 మిల్లీమీటర్ల వాన నాలుగు గంటల పాటు ముసురుగా పడితే గంటకు పది మిల్లీమీటర్లు. గంటకు 25 మిల్లీమీటర్లు పీల్చుకోగల నేల దాన్నంతా తాగేస్తుంది. అదే 40 అరగంటలో కుమ్మరిస్తే నేల తాగేది 12 మిల్లీమీటర్లు, మిగతా 28 వాగుపాలు. ఒక్క హెక్టారులోనే ఆ 28 మిల్లీమీటర్లు 2.8 లక్షల లీటర్లు. వేసవిలో జంతువులకు తాగునీరు మోసే 5,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 56 ట్యాంకర్లు. ఏడాది వాన మిల్లీమీటర్ల లెక్కలో ‘సాధారణం’ అని రికార్డు రాసుకున్న ఏడాదిలో కూడా అడవికి కరువు రావచ్చన్నది ఈ లెక్కలోనే ఉంది.

నల్లమల రాయి తీరు తెలిస్తే ఈ నష్టం ఎక్కడ తేలుతుందో అర్థమవుతుంది. పైన పగుళ్లున్న క్వార్ట్‌జైట్, కింద నీరు దిగనీయని పలకరాయి. పగుళ్లలోంచి దిగిన నీరు పలక తగిలిన చోట పక్కకు తిరిగి కొండ మొదట ఊటగా బయటపడుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని సలేశ్వరంలో చైత్ర పౌర్ణమికి జాతర జరుగుతుంది. చుట్టూ అడవి మోడువారిన ఆ రోజుల్లో కూడా లోయలోకి నీటిధార పడుతూనే ఉంటుంది. ఆ ధార కిందటి వానాకాలం దాచిపెట్టిన నీరు. వానలో దిగాల్సింది దిగకపోతే, ఆ కొరత ఆరేడు నెలల తరవాత, దాహం ఎక్కువగా ఉన్నప్పుడే కనబడుతుంది. ఊట తగ్గితే దాని కింద అడవి ఇంకా పొడిబారుతుంది, మరుసటి మంట ఇంకాస్త లోపలికి పోతుంది. ఒక చుట్టు పూర్తయి రెండో చుట్టు మొదలవుతుంది.

ఊటల దగ్గరే బతికే జీవులున్నాయి. తడి రాతి నెర్రెల్లో ఉండే బంగారు బల్లి అందులో ఒకటి. నడిచి ఇంకో చోటికి పోయే దుప్పి కాదది. వాగు ఎండితే కొండ అవతలి వాగు దానికి మరో దేశమే. ఊట పక్కనే పచ్చగా ఉండే నేరేడు, మామిడి, మద్ది చెట్ల సన్నని పట్టీ వేసవిలో ఎన్నో పక్షులకు, ఉడతలకు, కొండముచ్చులకు ఏకైక నీడ. మంట ఆ పట్టీలోకి చేరిన ఏడాది నష్టం ఎకరాల లెక్కకు అందదు. అటవీ రికార్డులో అది ‘ఉపరితల అగ్ని, రెండు హెక్టార్లు’ అని రాసి ఉంటుంది.

సాసర్ పిట్‌తో తీరే దాహం ఎంత?

వేసవి నీటి కొరతకు ప్రస్తుతం ఉన్న జవాబు సాసర్ పిట్లు. అంచు నుంచి నడిమికి వాలుగా, పళ్లెంలా కట్టిన సిమెంటు తొట్లు. నిట్టనిలువు గోడలున్న లోతైన తొట్టిలో పిల్ల జంతువులు, ఉడుములు పడి బయటికి రాలేక చనిపోతాయి కాబట్టి వాలు ఉండాలి. నాలుగు మీటర్ల అడ్డుకొలత, నడిమి లోతు 45 సెంటీమీటర్లు ఉన్న పిట్‌లో పట్టేది రెండు వేల లీటర్లకు కాస్త తక్కువ. మే నెలలో రోజుకు పది మిల్లీమీటర్లు ఆవిరైతే జంతువు మూతి పెట్టకముందే 125 లీటర్లు గాలిపాలు. చెట్టు నీడ ఉన్న చోట కట్టకపోతే ఇంకా ఎక్కువ. ఇక ట్యాంకరు ఆలస్యమైన నాలుగు రోజుల్లో పిట్ అడుగున మిగిలేది పచ్చని నాచు నీళ్లు.

పిట్లు అక్కర్లేదని కాదు. ఎండ ముదిరిన రోజుల్లో అవి లేకపోతే దుప్పులు, కణుతులు ఊళ్లలోకి దిగి కుక్కల పాలో, వేటగాళ్ల పాలో అవుతాయి. కానీ నీరు ఒక్క చోటే ఉంటే మేసే జంతువులన్నీ ఆ చుట్టే చేరతాయి. కిలోమీటరు మేర గడ్డి నాకేసినట్టవుతుంది. పశువులు కూడా అదే నీరు తాగే చోట గాలికుంటు లాంటి రోగాలు అడవి జంతువులకు అంటుకునే వీలుంది. చిరుతా పులీ అక్కడే కాపు కాస్తాయి, ఉచ్చు పెట్టేవాడూ అక్కడికే వస్తాడు. నీటిలో విషం కలపడానికి కూడా అంతకంటే అనువైన చోటు ఉండదు. అందుకే పిట్ దగ్గర కెమెరా ట్రాప్, వారానికోసారి కడిగి ఆరబెట్టడం, రెండు పిట్లను మార్చి మార్చి నింపడం అవసరం. సోలార్ బోర్లు మరో చిక్కు తెచ్చాయి. ఊటకు నీరిచ్చే పగులు మీదే బోరు పడితే పిట్ నిండుతుంది, ఊట చస్తుంది. బోరు వేసే ముందు కింది వాగులో ఊట ఎక్కడుందో చెంచు పెద్దలను అడిగితే రెండు గంటల్లో తేలే సంగతి ఇది.

గడ్డి తగ్గడానికి ఇంకో కారణం పైకి కనబడదు. 1960లో గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 317 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ఎండకు అలవాటుపడిన మన గడ్డి జాతులకు దీనితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. లాంటానా లాంటి పొదలకు మాత్రం అది అదనపు ఎరువు. కాలిన చోట అది వేరు నుంచి వెంటనే చిగురిస్తుంది, పక్షులు గింజలు మోస్తాయి, కింద గడ్డి మొలవదు. దాన్ని కొడవలితో నరికితే రెట్టింపు కొమ్మలు వేస్తుంది. వేరు మొదటి కణుపు కిందికి గొడ్డలి దింపి, పెకలించి తలకిందులుగా పెట్టాలి. వరుసగా రెండు మూడేళ్లు మొలకలు పీకాలి. తీసిన ఏడాదే స్థానిక గడ్డి విత్తనం చల్లకపోతే ఆ ఖాళీలోకి వయ్యారిభామ వస్తుంది. ఒక్క ఏడాది నిధులతో లాంటానా తీయించడం డబ్బు తగలేయడమే.

గీత కదలదు

అభయారణ్యమంటే మ్యాపు మీద ఒక గీత. గొడ్డలినీ తుపాకీనీ ఆపడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ గీతకు బలమిచ్చింది. లోపలి వేడిని ఆపే శక్తి దానికి లేదు. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్న లెక్కన, ఇప్పటికే పెరిగిన 0.7 డిగ్రీలకు సరిపడా చల్లదనం కావాలంటే ఒక మొక్క జాతి వంద మీటర్లకు పైగా కొండ ఎక్కాలి. హిమాలయాల్లో ఎక్కడానికి కొండ ఉంది. ఇక్కడ కొండలు తక్కువ ఎత్తువి, పైభాగం బల్లపరుపు. శిఖరం చేరాక ఎక్కడానికి ఏముంది?

శేషాచలంలో ఇది పదునుగా కనబడుతుంది. 2010లో జీవావరణ పరిరక్షక ప్రాంతంగా ప్రకటించిన ఆ కొండల్లో ఎర్రచందనం, కొండ సాంబ్రాణి, తెల్లకరక, మొగి లాంటి చెట్లు చిన్న పరిధికే పరిమితం. ఎర్రచందనానికి దొంగల బెడదే మనకు తెలుసు. చెట్టు కొట్టేసిన చోట కొత్త మొలక లేవాలంటే వరుసగా కొన్నేళ్లు మంట రాకుండా ఉండాలన్నది అంతగా చర్చకు రాదు. పెద్ద చెట్లు కాలినా బతుకుతాయి, మోకాలెత్తు మొలకలు బతకవు. పేరిత అనే ఈత చెట్టులా కనబడే మొక్క తిరుపతి–కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా లేదు. మంటకు దాని ఆకులు మాడినా మొవ్వు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఏటేటా కాలితే మాత్రం గింజ నుంచి వచ్చే తరం ఆగిపోతుంది. బయటికి చూస్తే మొక్కలు పచ్చగానే ఉంటాయి, అన్నీ ముసలివి.

లంకమల కలివికోడిది మరో రకం చిక్కు. 1900 తరవాత కనబడక, అంతరించిందనుకున్న ఈ పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. ముళ్లపొదల అడవిలో రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 మధ్య ఉన్న చోటు దానికి అనువుగా ఉంటుందని పరిశోధకులు తేల్చారు. పొదలు చిక్కబడినా నష్టమే, పలచబడినా నష్టమే. గాలిలో మారుతున్న వాయువులు, మేత, కట్టెల నరుకుడు కలిసి ఆ సంఖ్యను ఎటు నెడతాయో ఏడాదికోసారి పొదలు లెక్కపెడితేనే తెలుస్తుంది.

కాబట్టి గీతకు బయట ఉన్న నేల ఇప్పుడు గీతకు లోపలి నేలంత ముఖ్యం. నల్లమల నుంచి వెలిగొండ, లంకమల, పాలకొండల మీదుగా శేషాచలం దాకా తెగీ తెగకుండా ఉన్న అడవి పట్టీ పులి తిరిగే దారి అన్న పేరుతోనే చర్చకు వస్తుంది. ఎలుగు తిన్న తునికి, నేరేడు, రేల గింజలు ప్రయాణించేదీ అదే దారి. ఎర్రచందనం కాయకు రెక్క ఉన్నా గాలికి పోయేది కొద్ది దూరమే, దానికి ఆ దారిలో అక్కడక్కడా తల్లిచెట్లు మిగిలి ఉండాలి.

తీరానికి వస్తే లెక్క మారుతుంది. 1978లో అభయారణ్యమైన కోరింగ, 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి, సముద్ర మట్టంతో పోటీ పడి ఎత్తు పెరగాలి. హిందూ మహాసముద్రం ఉత్తర భాగంలో 1993–2017 మధ్య మట్టం ఏటా 3.3 మిల్లీమీటర్లు పెరిగింది. మడ నేల పెరగడానికి గోదావరి ఒండ్రు కావాలి. ఆ ఒండ్రును ఎగువ జలాశయాలు పట్టేసుకుంటున్నాయి. మంచినీరు తగ్గిన మిట్ట చోట్ల ఎండకు ఉప్పు పేరుకుని మడ మొక్క నిలవదు. అక్కడ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోట్ల నీరు లోపలికి పంపే పద్ధతి బాగా పనిచేసింది. పెద్ద కాలువకు ఏటవాలుగా పిల్ల కాలువలు, పైన వెడల్పు కింద ఇరుకు. కాలువ అడుగు మట్టం పాటు వేళ (సముద్రం వెనక్కి తగ్గినప్పుడు) ఉండే నీటి మట్టానికి సరిపోకపోతే నీరు నిలిచి ఆవిరై ఉప్పు మరింత పెరుగుతుంది. పూడిక తీయకుండా వదిలేసిన చోట ఇదే జరుగుతుంది.

మళ్లీ నల్లమలకు వస్తే, పదేళ్లకోసారి రాసే టైగర్ కన్జర్వేషన్ ప్లాన్లలో వాన, వేడి గత సగటులుగానే ఉంటాయి. వాటికి బదులు రాయాల్సినవి పెద్ద సంగతులేమీ కావు. వాగులు పుట్టే చోటి వాలులను గుర్తించి, మొత్తం అడవిని కాకపోయినా వాటినైనా ఏటా మంట చేరకుండా కాపాడటం. ఫైర్ లైన్ ఊడ్పు మార్చి నెలాఖరులో ఇంకోసారి. వాచర్లకు కూలీ ఏప్రిల్‌తో ఆపకుండా తొలకరి దాకా. ఇప్పపువ్వు ఏరేవాళ్లకు చెట్ల కింద పరుచుకునే వలలు ఇస్తే కాల్చే అవసరమే తగ్గుతుంది. వాలుల్లో వదులు రాతి కట్టలు, అంటే వాగుకు అడ్డంగా సిమెంటు లేకుండా పేర్చిన రాళ్లు, నీటి పరుగును మందగింపజేస్తాయి. ఒక్క పెద్ద చెక్‌డ్యామ్ కన్నా వాగు పైభాగంలో ఇలాంటివి ఇరవై మేలు.

అన్నిటికన్నా ముందు ఊటలను కొలవాలి. పులులను నాలుగేళ్లకోసారి లెక్కపెడుతున్నాం, ఊటలకూ ఒక రిజిస్టరు ఉండాలి. పది లీటర్ల బకెట్, ఫోనులోని స్టాప్‌వాచ్ చాలు. డిసెంబరు నుంచి జూన్ దాకా ప్రతి నెలా మొదటి వారంలో, తెల్లవారుజామున, జంతువులు కలచకముందు కొలవాలి. ధారకు చిన్న రేకు దోనె పెట్టి బకెట్ నిండే సమయం మూడుసార్లు చూసి సగటు రాయాలి. 40 సెకన్లకు నిండితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు, అంటే నాలుగు ట్యాంకర్లకు పైమాటే. అదే ఊట మరుసటి ఏప్రిల్‌లో 80 సెకన్లు తీసుకుంటే, పై వాలులో కిందటి వేసవి ఏం కాలిందో బీట్ రిజిస్టరులో వెతకాలి.